మన పక్షాన ఉన్న దొంగ

చెల్లీ, నన్ను డ్యూటీకి పిలిచారు. సాయంత్రం మనవాళ్ళు వచ్చాక రాక్షసకోట ఆట నువ్వే నడిపించు; కథ చెబుతూ, అందులో వాళ్ళకి ఎదురయ్యే పాత్రలన్నీ నువ్వే నటించాలి. పాచికలు టీవీ కింద డబ్బాలో ఉన్నాయి. ఆటలో మన పక్షాన ఉన్న దొంగని మాత్రం జాలిపడి మంచివాణ్ణి చేసెయ్యకు. కోటలోకి దారి తెలిసింది వాడొక్కడికే, కాబట్టి ఆడేవాళ్ళు వాణ్ణి తిట్టుకోవాలి గానీ తరిమెయ్యకూడదు. సాయం చేసిన ప్రతిసారీ వాడు ఏదో ఒకటి నొక్కెయ్యాలి. అది పోయిందని గోల మొదలవగానే అందరికంటే ముందు వాడే వెతకాలి. ఎలా నటించాలా అని కంగారుపడకు. మొన్న నా గొడుగు కనబడకపోతే నువ్వు మంచం కిందకి దూరి మరీ వెతికావు చూడు, అచ్చం అలాగే.

తా.క. గొడుగు నీ స్కూటర్ డిక్కీలో ఉందని నాకప్పటికే తెలుసు. జుట్టంతా దుమ్ము చేసుకుని అంత శ్రద్ధగా వెతుకుతుంటే ఆపబుద్ధి కాలేదు.