తెల్లగోడకు దిగిన మేకు

ఇంటి యజమానురాలు, పెద్దావిడ కుల్యాష్ అపాకు, కింది వాటాలో అద్దెకున్న నేను రాస్తున్నది.

"తెల్లగోడకు ఒక్క మేకు కనబడిందా, నీ సామాను వీధిలో ఉంటుంది" అన్నారు మీరు. అయినా, పెళ్లికి అమ్మ కుట్టిచ్చిన గోడతివాచీని పెట్టెలో ఉంచబుద్ధి కాలేదు. తిట్లు తర్వాత తింటాను.

సుత్తి అక్కరే లేకపోయింది. బొటనవేలితో నొక్కితే మేకు తలదాకా దిగిపోయింది. పెచ్చు ఊడింది, వెనక నా చెయ్యి పట్టేంత పగులు. మొన్న అల్మాటీలో భూమి కంపించినప్పుడు విచ్చుకున్నదాన్లో ఎవరో కాగితాలు కుక్కి, పైన తెల్లరంగు పూసేశారు. ఎవరని ఇప్పుడు అడగను.

పైకొచ్చి పగులని అరిచినా, తలుపు తీయకుండా "ముందు మేకు పీకు" అంటున్నారు. అందుకే ఈ చీటీ తలుపు కిందనుంచి తోస్తున్నాను. మీ మనవరాలి ఊయల సరిగ్గా ఆ గోడ మోస్తున్న గదిలోనే ఉంది. పాపను ఎత్తుకుని కిందికి దిగిరండి. నా సామాను నేనే వీధిలో పెట్టేశాను.