గంటకు ముప్పై ఒకటి

నిజామాబాదు,
1938 ఫిబ్రవరి 12, శనివారం

హైదరాబాదులో ఉన్న పూజ్యులు అన్నగారికి తమ్ముడు లక్ష్మీరాజం పాదాభివందనం చేసి రాసుకునే సంగతులు. ఇక్కడ ఇంట్లో అందరం కులాసాగానే ఉన్నాము. మీరు, వదిన, పిల్లలు కూడా అట్లాగే ఉన్నారని తలుస్తాను.

ముందు మీరు అడిగిన వాటికి జవాబు. అవ్వకు దగ్గు తగ్గింది. మీరు పంపిన శాలువా మాత్రం కప్పుకోవడం లేదు. "పెద్దోడు వచ్చినంక కప్పుకుంట" అని పెట్టెలో పెట్టింది. ఎడపల్లి మేనత్త వాళ్ల చెరుకు ఈసారి బాగా పెరిగింది. ఇక బీడీల కార్ఖానాలో నాకు అప్పగించిన కొత్త పని ఏమిటని అడిగారు. దాని గురించి రాయడానికే ఇన్నాళ్లు వెనకాడాను.

మా సేఠ్ బాపురావు బోధన్‌లో కడుతున్న చక్కెర కార్ఖానా చూసి వచ్చినప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. యంత్రం గంటకు ఎంత చెరుకు పిండుతుందో చెప్పగలిగినప్పుడు, మన దగ్గర ఒక్కో మనిషి గంటకు ఎన్ని బీడీలు చుడుతుందో ఎందుకు చెప్పలేమని. నా చేతికి గడియారం ఇచ్చి, "ఒక్కొక్కరి ముంగట గంటసేపు కూసో. ఎన్ని జేస్తరో రాసుకో" అన్నాడు. చుట్టేవాళ్లు ఇరవై నలుగురు ఆడవాళ్లు. నేను ఎదురుగా కూర్చుంటే చాలు, రోజూ చేసే పనికే వాళ్ల వేళ్లు తడబడేవి. గంట నిండేసరికి నాకూ చెమటలు పట్టేవి.

ఆ రోజుల్లోనే మీరు రాశారు, చిన్న కథకు జీవితమంతా అక్కరలేదు, ఒక మనిషి, ఒక గంట చాలు, ఆ గంటను సరిగ్గా చూడు అని. సేఠ్ అడిగిందీ గంటే, మీరు అడిగిందీ గంటే. ఆయనకు అంకె రాసి ఇచ్చాను. మీకు కథ రాసి పంపాను. మీరు దాన్ని పత్రికకు ఇచ్చారు, నా కలం పేరుతో అచ్చయింది. "చూపు తగ్గిన ఆమె తునికాకును కింది పెదవికి ఆనించి, ఈనెలు ఎటువైపు ఉన్నాయో తెలుసుకోవడం చక్కగా ఊహించావు" అని పోయిన ఉత్తరంలో మెచ్చుకున్నారు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అన్నా, అది ఊహ కాదు. ఆమె పేరు భీమవ్వ. పక్కన కూర్చునే అంజవ్వ తాను చుట్టిన బీడీలను గుప్పెడేసి ఆమె చాటలోకి జరపడం కూడా నేను కళ్లారా చూసిందే. సేఠ్ పుస్తకంలో ఆ ముక్క రాయలేదు, ఇద్దరినీ కాపాడానని అనుకున్నాను. కథలో పేర్లు మార్చాను కనుక ఎవరికీ తెలియదని అనుకున్నాను.

పోయిన నెల సేఠ్ బావమరిది ఆ పత్రిక పట్టుకొచ్చి ఆయనకు కథ చదివి వినిపించాడు. అందులో ఉన్నది ఎవరో సేఠ్ పోల్చుకున్నాడు కానీ, ఆ కలం పేరు నాదని ఆయనకు తెలియదు. మరునాడే భీమవ్వను ఒక్కదాన్నే పిలిచి తన ముందు కూర్చోబెట్టాడు. గడియారం నా చేతనే పట్టించాడు. పక్కన అంజవ్వ లేదు. మిగతావాళ్లు ఎనభై, తొంభై చుట్టే గంటలో భీమవ్వ ముప్పై ఒకటి చుట్టింది.

"రేపటి సంది రాకు" అన్నాడు సేఠ్.

ఆమె ఒడిలోని తంబాకు పొడి దులుపుకొని, గోడను చేత్తో తడుముకుంటూ బయటికి పోయింది. నేను గడియారం పట్టుకొని నిలబడి ఉన్నాను.

అంతటితో అయిపోలేదు. ఈ సంగతి సేఠ్ చెవిన వేసింది తమతో పాటు బీడీలు చుట్టే హన్మవ్వ అని అందరూ అనుకున్నారు, అంతకు ముందే ఆమెకు భీమవ్వతో కొట్లాట అయింది మరి. ఆమెతో మాటలు మానేశారు. ఆమె నీళ్ల కుండ దగ్గరికి వస్తే లేచిపోయేవాళ్లు. "నేను జెప్పలే, నా పిల్లల మీద ఒట్టు" అని ఆమె ఏడుస్తుంటే తొమ్మిది రోజులు నేను తల వంచుకొని అంకెలు రాశాను. మీ తమ్ముడు అంత పిరికివాడు.

పదో రోజు మధ్యాహ్నం అందరూ సద్ది మూటలు విప్పుతుండగా, సేఠ్‌కు తెలిసింది నేను పత్రికలో రాసిన కథ వల్లనేనని చెప్పేశాను. అంజవ్వే లేచింది.

"నడువు, భీమవ్వ ఇంటికి. గా కాయిదం గూడ పట్టుకో."

భీమవ్వ అరుగు మీద కూర్చొని కథ మొత్తం చదివాను. హన్మవ్వ దూరంగా నిలబడి విన్నది. పెదవి సంగతి వచ్చినప్పుడు భీమవ్వ చెయ్యి తన పెదవి మీదికి పోయింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందవ్వా."

"ఆకు పెదవికి పెట్టుకునేకాడనే ఇడిసిపెట్టినవా? మరి తెల్లారినంక గామె ఏడికి పోవాలె బిడ్డా?"

నేను పత్రిక మడుచుకొని అరుగు దిగాను.

మరునాడు పొద్దున్నే సేఠ్ దగ్గరికి పోయి, రాసింది నేనని ఒప్పుకున్నాను. ఆయన తిట్టినంతసేపు విని, కొలతల పుస్తకం ముందు పెట్టాను. ప్రతి గంటలో పావు గంట చుట్టేవాళ్లకు ఆకు తడపడానికి, కట్టలు కట్టడానికే పోతున్నది. ఆ పనులకు కళ్లు అక్కరలేదు, భీమవ్వ వేళ్లతోనే ఇరవై ఐదు ఎంచి కట్ట కట్టగలదు, ఆమెను ఆ పనిలో కూర్చోబెడితే అందరి లెక్కా పెరుగుతుందని చెప్పాను.

"ఎనిమిది రోజులు చూస్త" అన్నాడు సేఠ్. "లెక్క పెరగకుంటే ఆమెతోని నువ్వు గూడ పోతవ్."

ఇవ్వాళ ఐదో రోజు. లెక్క పెరిగింది కానీ కొంచెమే. ఒకరికి జ్వరం వచ్చి రాకపోతే మళ్లీ పడిపోతుంది. రోజూ గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్లను లెక్కపెట్టుకుంటున్నాను. ఇంట్లో అవ్వకు ఏమీ చెప్పలేదు, మీరు కూడా ఆమెకు తెలియనివ్వకండి.

హన్మవ్వను రెండుసార్లు క్షమాపణ అడిగాను. ముఖం తిప్పుకుంది. నిన్న గడియారం పట్టుకొని ఆమెను దాటిపోతుంటే, "ఆగు" అంది. చాట ఒళ్లోకి లాక్కుంది.

"నన్ను గూడ కొలువు. గీ గంటల నూరు జేస్త. భీమవ్వ కోసం, నీ కోసం గాదు."

నూట ఆరు చుట్టింది. ఒక్కసారి కూడా తల ఎత్తి నా వైపు చూడలేదు.

ఇట్లు,
మీ మందలింపుకు తగిన తమ్ముడు,
లక్ష్మీరాజం