గాలికి కూడా కూలీనా

జగదల్‌పూర్, బస్తరు సంస్థానం
కార్తీక బహుళ పంచమి

అమ్మ పాదాలకు పెద్దకొడుకు కాశయ్య దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను, నీ కోడలు అన్నపూర్ణ, పిల్లలు ఒంట్లో బాగానే ఉన్నాం. కుంట ఊళ్ళో నువ్వూ, ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే చెల్లెలు సారలమ్మా అలాగే ఉన్నారనుకుంటాను. మోకాలికి ఇప్పనూనె రాస్తున్నావా? శబరి ఏట్లో వరద తీశాక చేపలు బాగా పడుతున్నాయని సారలమ్మ రాసింది. చదువుతుంటే ఆ పులుసు వాసన తగిలినట్టే అయింది.

కిందటి ఉత్తరంలో నువ్వు అడిగావు: "పట్నపోళ్ళతో బేరమెందుకురా, ఇచ్చినకాడికి తీసుకోరాదా?" అని. నాన్న కొలిమిలో కర్రు సరిచేయించుకున్నవాళ్ళు పంటకు తూమెడు వడ్లు కొలిచిపోయేవాళ్ళు. అక్కడ బేరం లేదు. ఇక్కడ బావుల్లో పంపు గొట్టాలు బిగించే పని వేరు. నేను ముప్పై రూపాయలంటే పదిహేను అంటారు. ఆ ముప్పైలో నా చేతి కూలీ సగమే. మిగతాది తాడు పట్టే ఇద్దరు మనుషులకు, అడ్డం వేసే దూలాలకు, బావికి గాలి పట్టించే ఒక రోజుకు. వాడకుండా వదిలేసిన బావిలో అడుగున చెడ్డగాలి నిలుస్తుంది. ముందు లాంతరు దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. వేపమండలు కట్టి రోజంతా పైకీ కిందికీ ఊపాలి, నీళ్ళు తోడి పైనుంచి పోయాలి. అడిగేవాడికి ఇవేవీ కనపడవు కనుక ముందు వీటినే కొయ్యమంటాడు.

ఇక్కడ రామనాథం శెట్టి అని చింతపండు, ఉప్పు వ్యాపారి ఉన్నాడు. మనవాడే, తెలుగువాడు. పాత ఇల్లొకటి కొని, పెరట్లో ఏళ్ళుగా మూసి ఉన్న బావిమీద చేతిపంపు పెట్టాలన్నాడు. నేను చూసి ముప్పై చెప్పాను. ఏమేం చెయ్యాలో కూడా చెప్పాను.

"ఏందయ్యా కాశయ్యా, గాలికి కూడా కూలీనా? మీ తమ్ముడు పద్దెనిమిదికి చేస్తనన్నడు," అన్నాడు.

"మా తమ్ముడు చేస్తే చేయించుకోండి," అని వచ్చేశాను.

నాలుగు రోజుల తరువాత గోల్‌బజారులో తమ్ముడు రాజమల్లు భుజాన గొట్టం మోసుకుంటూ ఎదురయ్యాడు. "ఆ బావి మంచిది కాదురా, గాలి చూసుకో," అన్నాను. వాడు ఆగలేదు. "తక్కువకు ఒప్పుకున్నోనివి నువ్వు, నాకు చెప్తవా అన్నా?" అన్నాడు. ఏమంటున్నాడో నాకు అర్థం కాలేదు. వెనకనుంచి పిలిచినా తిరిగి చూడలేదు.

సారలమ్మా, ఇక్కడినుంచి మెల్లగా చదువు. అమ్మను గోడకు ఆనుకుని కూర్చోబెట్టి చదువు.

అమ్మా, పైన బాగున్నామని రాసినవాళ్ళలో తమ్ముడి పేరు లేదని నువ్వు పట్టుకునే ఉంటావు. తమ్ముడు లేడు. ఆ బావిలోనే పోయాడు. దసరా రథం తిరిగిన వారంలో పోయాడు. ఇన్నాళ్ళూ నీకు రాయడానికి చెయ్యి రాలేదు.

ఆ కూలీలో ఇద్దరు మనుషులను పెట్టుకోవడం వాడి వల్ల కాలేదు. ఒక్కణ్ణి పెట్టుకుని, తాడు రెండో కొస మాసే చేతికిచ్చాడు. మాసే అంటే వాడు కట్టుకున్న, నువ్వు గడప తొక్కనివ్వనన్న ఆ దొర్లజాతి పిల్లే. ఆరో నెల కడుపు. తాడు వదులైందని ఆమే మొదట అరిచింది. నాకు కబురొచ్చి పరిగెత్తేసరికి ఆమె ఇంకా తాడు లాగుతూనే ఉంది, అరచేతులు చీరుకుపోయాయి. మండలు ఊపి, నీళ్ళు పోసి, దీపం నిలిచాక నేను దిగి వాణ్ణి కట్టి పైకి పంపాను. ముఖం నిద్రపోయినట్టే ఉంది. శెట్టి అరుగుమీద నిలబడి, "నా బావి మైలపడిపాయె," అంటున్నాడు.

కర్మ అయ్యాక మాసే అడిగింది: "బావా, నువ్వు ఇరవైకే చేస్తనన్నవంట, నిజమా? సేటు చెప్పిండు. మా అన్నకంటే తక్కువ పోకపోతే ఈ ఊర్ల పని దొరకదని నీ తమ్ముడు పద్దెనిమిదికి దిగిండు."

నేను ఇరవై అనలేదమ్మా. నాకు తమ్ముడి పేరు చెప్పి, తమ్ముడికి నా పేరు చెప్పి ఆడాడు. నేను వాడి నోటికాడి కూడు లాక్కోబోయానని నమ్ముతూనే నా తమ్ముడు ఆ బావిలోకి దిగాడు. ఆ మాట అబద్ధమని వాడికి చెప్పడం ఇక నాకు ఏ జన్మలో కుదురుతుంది?

నెల తిరగకుండా, అదే బావిమీద పంపు పెట్టాలని శెట్టి కబురంపాడు. ఊళ్ళో ఈ పని తెలిసినవాణ్ణి నేనే మిగిలాను. "ఎంతకు చేస్తవ్?" అన్నాడు.

"ముప్పై. దానితోపాటు నేను ఇరవై అనలేదని మీ అంగడి ముందు, మాసే వినంగ చెప్పాలె."

దానికీ బేరమాడాడు అమ్మా! "ఆ పిల్లను ఇంట్లకు తీస్కరా, లోపల చెప్త," అన్నాడు. కుదరదన్నాను. "పోనీ, దుకాణం మూసినంక చెప్త," అన్నాడు. ఇందులో కొయ్యడానికి ఏమీ లేదన్నాను. ఆఖరికి సరేనన్నాడు.

సంతరోజు మాసేను తీసుకువెళ్ళాను. అంగడి ముందు జనం కిటకిటలాడుతున్నారు. శెట్టి గద్దెమీద నుంచి లేవకుండానే గట్టిగా చెప్పాడు: "వినుండ్రి! కాశయ్య ఇరవైకి ఒప్పుకోలే. ఆ మాట నేనే అన్న. బేరంల అట్లాంటి మాట అననోడు మీలో ఎవడన్న ఉన్నడా?"

ఎవరూ లేరు. "అయితే ఈ ఉప్పు ధర గూడ అబద్ధమేనా శెట్టిగారూ?" అని ఒకడన్నాడు. అందరూ నవ్వారు. శెట్టి కూడా నవ్వాడు. వాణ్ణి ఆ మాటతో పడగొడతాననుకున్నాను. వాడు కూర్చున్నచోటినుంచి కదలను కూడా లేదు.

మాసే నా వైపు చూసి, "ఇంతేనా బావా?" అంది.

"ఇంతే," అన్నాను.

పని చేశాను. చెయ్యకపోతే ఆమె కాన్పుకు నా దగ్గర ఏమీ లేదు. ఇద్దరు మనుషులను పెట్టి, ఒక రోజంతా గాలి పట్టించి దిగాను. పంపు నీళ్ళు పోసింది. లెక్క తీర్చేటప్పుడు, బావి మైలకు శాంతి చేయించిన అయ్యవారి సంభావన శెట్టి నా కూలీలోంచి కోసుకున్నాడు. మిగిలింది తీసుకుని వచ్చేశాను.

"ఆ దొర్లదాన్ని వదిలేసిండా? వదిలేస్తే రమ్మను," అని కిందటి ఉత్తరంలో రాయించావు. వదిలెయ్యలేదు. ఆమె పుట్టిన ఊరు చింతలనార్‌లో ఆమెకు తల్లీ తండ్రీ లేరు. పౌర్ణమి దాటాక బండి కట్టించి నేనే కుంటకు తీసుకువస్తున్నాను. ఆమె చేతులు ఇంకా మానలేదు, సారలమ్మతో కట్టు కట్టించు. గడప దగ్గర నిలబెట్టి కులమూ గోత్రమూ అడగకు. ఇది ఒకటే మాటమ్మా, ఇందులో తగ్గించమనకు. నువ్వు కాదంటే అదే బండిలో వెనక్కి తీసుకువెళతాను. ఆ తరువాత నీకు ఇద్దరు కొడుకులూ పోయారనుకో.

ఇట్లు,
నీకు మిగిలిన కొడుకు
కాశయ్య