మా నాయన మగ్గం అంత నిదానం కాదు

మాధవరం,
జూన్ 15, 2025, ఆదివారం.

బనగానపల్లెలో ఉన్న గౌసియక్కకు మాధవరం నుంచి మునీంద్ర నమస్కరించి రాసేది.

ఈడ నాయన, అమ్మ, నేను బాగున్నాము. మీరు ఎట్లున్నారని అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. నాకైతే తెలిసే దారి లేదు. ఫోను చేస్తే ఎత్తవు, వాట్సాప్‌లో బ్లాక్ చేసి పెట్టావు. జిలాని బావకు చేస్తే, పాట మాట ఎత్తితేనే లేచి అవతలికి పోతాంది నీ అక్క, కొన్నాళ్ళు వదిలెయ్యప్పా అని పెట్టేశాడు. అందుకే ఈ కాగితం. నాకు శానా కోపంగా ఉంది. కోపంలో రాసిందని చించి పారేయకుండా చివరిదాకా చదువు.

చదవకపోయినా ఈ ఒక్క మాట చూడు. నీ గొంతు పోలేదు. పోయింది నా కంప్యూటరు బుద్ధి.

నువ్వు వచ్చిన రోజు సంగతి మళ్ళీ మొదటి నుంచి చెబుతాను. ఆ రోజు నువ్వు విన్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. థైరాయిడ్ గడ్డ తీసినాక, ఇంక పాడుకోవచ్చని కర్నూలు డాక్టరమ్మ చెప్పగానే నువ్వు మొదట మా ఇంటికే వచ్చావు. మా పక్కింట్లో పెరిగినదానివి, యాడికి పోతావు మరి. మీ జేజి దూది ఏకేటప్పుడు పాడిన పాట ఇప్పుడు నీకు తప్ప ఎవరికీ రాదు, రికార్డు చేసి పెట్టమన్నావు.

నువ్వు రాకముందు నుంచే ఆ సౌండు కార్డు నన్ను ఏడిపిస్తోంది. మైకుకూ కంప్యూటరుకూ మధ్యలో ఎర్ర పెట్టె ఒకటి చూశావే, అదే సౌండు కార్డు. హెడ్‌ఫోను పెట్టుకుంటే బాండ్లిలో పేలాలు వేగినట్టు చిటపట. వైరు మార్చాను. వెనక సందులో గుచ్చాను, ముందు సందులో గుచ్చాను. ఫ్యాను ఆపాను, సెల్‌ఫోను అవతలి ఇంట్లో పెట్టి వచ్చాను. అమ్మిన అంగడివాణ్ణి అడిగితే కొత్తది కొనమన్నాడు. వానికి ఇంకేం తెలుసు? నేను చదివి నేర్చుకున్నవాణ్ణి కాదు. కడప గోడౌనులో పార్సిలు మూటలు దించి వచ్చి, వీడియోలు చూసి నేర్చుకున్నాను. వాటిలో ఒకడు చెప్పిందానికి ఇంకొకడు అడ్డం చెబుతాడు. చివరికి విసుగొచ్చి, కార్డును నడిపే డ్రైవరు అనే సాఫ్టువేరును మొత్తం పీకేసి కొత్తగా ఎక్కించాను. చిటపట ఆగింది. గెలిచాననుకున్నాను. అసలు చేటు జరిగింది అప్పుడే.

గోడలకు బొంతలు కట్టిన ఆ గదిలో, శ్రుతిపెట్టె కూడా లేకుండా ఉత్త గొంతుతో పాడావు. పాడేటప్పుడు నా చెవులారా విన్నాను, బాగుంది. తరువాత బావ కూడా వినాలని పాటను పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఇంటి ముందు పంచలో ఉన్న స్పీకరుకు పెట్టాను. దాంట్లోంచి వేరే మనిషి పాడింది. లావు గొంతు, కాలు ఈడ్చుకుంటూ నడిచినట్టు. నువ్వు మెడ మీది కోతను చేత్తో కప్పుకుని విన్నావు. పాట అయిపోయాక నా వైపు చూడకుండా కండ్లు తుడుచుకున్నావు.

“కోసినాక ఇంతేలే మునీంద్రా. నేనే ఊరికే ఆశపడితి.”

బావ నీళ్ళు తెస్తే తాగలేదు. ఇంక పెండ్లిండ్లలో పాడడానికి కూడా నిన్ను పిలవొద్దని అందరికీ చెప్పేయమని ఆయనతో అని, చెప్పులు వేసుకున్నావు.

నాకు కోపం వచ్చేది ఇందుకే అక్కా. నీ గొంతు నీ మెడలో ఉంది. పాడేటప్పుడు అది ఎట్లా పలికిందో నీకు తెలుసు. దాన్ని పక్కన పెట్టి, నా రేకు పెట్టె చెప్పిన మాట నమ్మావు. ఆపరేషను చేసిన డాక్టరమ్మను కూడా నమ్మలేదు.

ఇప్పుడు మా నాయన సంగతి. నువ్వు పాడేటప్పుడు మగ్గం ఆపమని ఆయనకు చెప్పే ఉన్నాను. మొదట ఆపినాడు. చీర తొందరగా దించాలని, నీ పాట సగంలో ఉండగా మళ్ళీ మొదలుపెట్టాడు. పోగును మోసే నాడె అటు పోయి ఇటు వచ్చినప్పుడల్లా పోగును దగ్గరికి కొట్టే పలక ఉంటుంది కదా, ఆ దెబ్బ గోడ అవతల నుంచి నీ పాట వెనక సన్నగా పడింది. దాని గురించి నేను ఆయన్ను నాలుగు మాటలు అన్నాను, ఆయన నన్ను అంతకు రెండింతలు అన్నాడు. ఆ దెబ్బనైనా తీసేద్దామని ఈ పొద్దున పాటను మళ్ళీ స్పీకరుకు పెట్టాను. నాయన సంగటి తింటున్నాడు. ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

“ఎవుడ్రా ఆ నేసేది?”

ఇంకెవరు, నువ్వే, నా పాట చెడగొట్టింది నీ మగ్గమే అని చెప్పాను.

“నేనా? వాడెవుడో నిద్రపోతా నేస్తాండాడు. నా పలక అంత నిదానంగా పడతాదా? నాకేమన్నా పక్షవాతం వచ్చిండాదా?”

పాడేది ఎవరని కూడా అడగలేదు. తన చేతికి చెడ్డపేరు వచ్చిందని మండిపడుతూ, తినేది వదిలేసి, చేయి కడుక్కుని పోయి మగ్గం గుంతలో కూర్చున్నాడు. ఇప్పుడు వినరా అని నేశాడు. నేను గడపలో నిలబడ్డాను. ఒక చెవిలో మగ్గం, ఒక చెవిలో స్పీకరు. రెండూ కలవలేదు. స్పీకరులోది వెనకబడుతూనే ఉంది.

ఆయన ఆ రోజు అలసిపోయి ఉండొచ్చు కదా. ఆ మాట అంటే నన్ను కొడతాడని, గోడ గడియారం దించి మైకు ముందు పెట్టాను. దాని టిక్కు టిక్కు రికార్డు చేసి, నీ పాటను చేసినట్టే పెన్‌డ్రైవులోకి ఎక్కించి, అదే స్పీకరుకు పెట్టాను. గడియారం కూడా ఈడ్చింది. గడియారానికి ఏ డాక్టరమ్మ కోత పెట్టింది అక్కా?

జరిగింది ఇది. డ్రైవరు కొత్తగా ఎక్కించినప్పుడు కార్డు తన లెక్క మార్చుకుంది. శబ్దాన్ని సెకనుకు నలభై ఎనిమిది వేల ముక్కలు చేసి పంపుతోంది. పాటను దాచే సాఫ్టువేరేమో పాత లెక్కనే పట్టుకుని, నలభై నాలుగు వేల వంద అని ఫైలు మీద రాసుకుంటోంది. ఈ రెండింటికీ మాటల్లేవు, నీకూ నాకూ లేనట్టే. కార్డులోనే విన్నంతసేపు తేడా తెలియదు. అదే ఫైలు బయటి స్పీకరుకు పోతే, అది రాసిన లెక్క ప్రకారం నిదానంగా నడుపుతుంది. నిదానమైతే గొంతు దిగిపోతుంది, లావవుతుంది. నువ్వు ఏడ్చింది ఈ రెండు అంకెల తగాదాకు.

ఫైలు మీది అంకె దిద్దాను. మగ్గం దెబ్బ పడిన చోటి నుంచి పెడితే, మొదట మగ్గం నాయన చేతి వేగానికి వచ్చింది. వెంటనే నువ్వు వచ్చావు. అమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి, గౌసియా ఎప్పుడొచ్చె, నాకు చెప్పకపోతివే అని వాకిట్లోకి తొంగి చూసింది.

నేను నేల మీద కూలబడ్డాను. వీపు మీది మూట దించినాక ఊపిరి ఎట్లా ఆడుతుందో నాకు రోజూ తెలిసిందే. అంత సుఖంగా మాత్రం ఎన్నడూ ఆడలేదు. నాయనకు నీ గొంతు దొరికిన సంతోషం కంటే, తన చేయి నిదానం కాదని తేలిన సంతోషమే ఎక్కువ. వీధిలో పోయేవాళ్ళను పిలిచి మరీ చెబుతున్నాడు. పోనీలే.

పెన్‌డ్రైవు ఈ కవరులోనే ఉంది. బావ మామిడికాయల బండిలో పాటల సెట్టు ఉంది కదా, దాంట్లో పెట్టుకో. ముందు ఒక్కదానివే విను. మగ్గం దెబ్బ తీసేయలేదు. తీస్తే నాయన ఊరుకోడు.

బావకు నమస్కారం చెప్పు.

ఇట్లు,
కోపం సగం దిగిన నీ తమ్ముడు,
మునీంద్ర.

తా.క.: పైన రాసిందంతా నిజమే, ఒకటి మాత్రం దాచాను. అది రాయకుండానే కవరు అంటిద్దామని చూశాను, చేతులు రాలేదు. అంకె దిద్దిన తరువాత కూడా, చివరి చరణంలో పైకి పోయే చోట ఒక మాట మీద నీ గొంతు చీలింది. అది కార్డు పని కాదు. ఎన్ని రకాలుగా చూడాలో అన్ని రకాలుగా చూశాను. కోత వల్లే అయ్యుంటుంది. తగ్గుతుందో లేదో చెప్పడానికి నేను డాక్టరును కాను. ఆ చీలికను అతికించే సాఫ్టువేరు నా దగ్గర ఉంది, అతికిస్తే నువ్వు కూడా కనుక్కోలేవు. నేను ముట్టుకోలేదు. ఒకసారి అబద్ధం చెప్పి నిన్ను ఏడిపించిన పెట్టె చేత, ఇంకో అబద్ధం చెప్పించి నవ్వించడానికి నాకు మనసు రాలేదు. తక్కిన పాటంతా ఎట్లా నీదో, ఆ ఒక్క మాటా అట్లాగే నీది. ఉంచమంటే ఉంచుతాను, అతికించమంటే అతికిస్తాను. వచ్చి మళ్ళీ పాడతానంటే, మైకు ఇంకా నీ ఎత్తుకే పెట్టి ఉంది.