తిరిగి అనాల్సిన మాట

నవంబరు 18, శనివారం

పొద్దున బీపీ 142. హెల్త్ సెంటర్ నర్సు ఈ నోటుబుక్కు ఇచ్చి బీపీ, తిన్న తిండీ రాయమంది. రాయగా చాలా కాగితం మిగులుతోంది. చర్చిలో నేర్చుకున్న అక్షరాలతో, మా కొండ తెగ బునున్ మాటలో రాస్తున్నాను. నర్సుది కింది ఊరు. అంకెలు తప్ప చదవలేదు. అదీ మంచిదే.

ఇవాళ మనవరాలు ఉమావ్ పెళ్ళి. పెళ్ళికొడుకు యీచెంగ్ కొండవాడు కాదు, కిందివాళ్ళ పిల్లవాడు. కింది పట్నంలో చిన్న బడి మాస్టారు, కాంట్రాక్టు మీద. మూడు పందులు తెచ్చాడు. మాంసం కోసి ఊళ్ళో మావాళ్ళ ఇళ్ళన్నిటికీ పంచాం. ఏ గడపా తప్పిపోకుండా పెద్దన్న సలిజాన్ దగ్గరుండి చూశాడు.

సాయంత్రం మగవాళ్ళమంతా గుండ్రంగా గొంతుక్కూర్చున్నాం. మలస్తపాంగ్. గిన్నె చేతికి వచ్చినవాడు తాను చేసిన ఘనకార్యాలు ముక్క ముక్కగా అరిచి చెప్పాలి. ప్రతి ముక్కనీ అందరూ అలాగే తిరిగి అనాలి. ఎవరైనా ఒక్క మాట మింగేస్తే చెప్పినవాణ్ణి నేలకేసి కొట్టినట్టే. చివర్న అమ్మ పుట్టింటి పేరు చెప్పి గిన్నె పక్కవాడికి ఇవ్వాలి.

నేను ఎప్పుడూ అమ్మ పుట్టింటి పేరొక్కటే గొణిగి గిన్నె దాటించేవాణ్ణి. అడవిపందిని కొట్టలేదు, జింకను కొట్టలేదు. ముప్పై ఏళ్ళు కావ్‌షుంగ్ నగరంలో మేడలకు పరంజాలు కట్టాను. అది అరిచి చెప్పుకునే పని కాదు. ఇవాళ చెప్పాను. ఎందుకో తెలియదు. కొంచెం ఎక్కువ తాగాను.

కావ్‌షుంగ్ ఊళ్ళో.
ఇరవై అంతస్తుల మీద.
హువానా అని పిలిచారు.
హువానా పడలేదు.
పిలిచినవాడు పడ్డాడు.
హువానా మోసుకొచ్చాడు.

హువానా అన్నది మా మాట కాదు. కిందివాళ్ళు మమ్మల్ని అనే మాట. మనిషికీ మృగానికీ మధ్య ఉండేవాడని. ఇంట్లో మేమే ఒకరినొకరం అనుకుని నవ్వుకుంటాం. అందరూ నవ్వుతూనే తిరిగి అన్నారు. నా పక్కనున్న యీచెంగ్ మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. సలిజాన్ అన్న అన్నాడు గాని నవ్వలేదు.

నవంబరు 20, సోమవారం

బీపీ 145. చిలగడదుంప, గుడ్డు.

ఉమావ్ చెల్లెలి వరస సావి ఆ అరుపులు ఫోనులో తీసిందట. కొత్త బావ మనవాడైపోయాడు అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టిందట. నాకూ చూపించింది. పదకొండు సెకన్లు. నేను అందులో లేను. నా గొంతూ లేదు. యీచెంగ్ ముఖం, పిడికిలి, వెనక మావాళ్ళ భుజాలు. మిగతా ముక్కలు మా మాటలో ఉన్నాయి, బయటివాళ్ళకు తెలియవు. ఆ ఒక్కటే అందరికీ తెలుసు.

హువానా. హువానా.

చూడు తాతా, బావ ఎలా ఊగిపోతున్నాడో అని సావి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

నవంబరు 21, మంగళవారం

సావి వీడియో తీసేసింది. తీసేసినా ఉందట.

నవంబరు 22, బుధవారం

బీపీ 158. అన్నం తినలేదు.

ఉమావ్ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. కామెంట్లు చదివి వినిపించమన్నాను. వద్దులే తాతా అంది. మళ్ళీ తనే చదివింది.

రెండు రకాలు. మొదటి రకం మావాళ్ళే. మాలాంటి వేరే తెగలవాళ్ళు, అమిస్ పిల్లలు, పైవాన్ పిల్లలు, తైపేలో చదువుకునే బునున్ పిల్లలు కూడా. ఆ మాట మేం అనుకుంటే అది మా ఇంటి పొగ, నువ్వు అంటే మా ఇంటికి పెట్టిన నిప్పు అని ఒకరు రాశారు. వీడు మన పిల్లలకు మాస్టారట, బడి పేరు ఇదిగో అని ఇంకొకరు. పెళ్ళికూతురికి సిగ్గు లేదా అని ఇంకొకరు.

రెండో రకం కిందివాళ్ళు. చూశారా, వాళ్ళూ అంటున్నారు, వాళ్ళతో కూర్చుని మనవాడూ అంటున్నాడు, మేమంటేనే తప్పా అని. ఎవడో ఆ అరుపుకు డప్పు కలిపి పాట చేశాడు. దానికి వేలమంది నవ్వు బొమ్మలు పెట్టారు.

మొదటి రకం విన్నప్పుడు తల వంచుకున్నాను. రెండో రకం విన్నప్పుడు ఇక ఆపమన్నాను.

బడివాళ్ళు యీచెంగ్‌ను పిలిచారట. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. జాతిని తిట్టాడని తేలితే ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత ఏ బడిలోనూ చేర్చుకోరు. మరి అతనేమంటున్నాడు అని అడిగాను. ఉమావ్ నా వైపు చూడలేదు. ఆ మాట నేనన్నాను, క్షమించండి అని మాత్రమే రాసిచ్చాడట. ఎవరు ముందు అన్నారు అని అడిగితే చెప్పలేదట. తాతగారి పేరు బయటకు రానివ్వను, ఆయన జనాన్ని చూస్తేనే బిగుసుకుపోతాడు అన్నాడట.

ఉమావ్ వెళ్ళిపోయాక తలుపు గడియ పెట్టాను. మా ఊళ్ళో పగలు ఎవరూ గడియ పెట్టరు.

అదే రోజు, సాయంత్రం 5

ఇది రాయాలి. పెళ్ళికి నెల ముందు యీచెంగ్‌కు మలస్తపాంగ్ నేర్పింది నేనే. మా వాకిట్లో, కోళ్ళ మధ్య. తాతగారూ, అర్థం తెలియకుండా ఎలా అరవడం అన్నాడు. అర్థంతో నీకేం పని నాయనా, ఏది వినపడితే అది అను, ఆలోచించకు, ఆగకు అన్నాను. ఆగితే చెప్పినవాడికి అవమానం అని కూడా అన్నాను.

అతను ఆగలేదు.

నవంబరు 23, గురువారం

బీపీ 164. నర్సు చూస్తే ఊరుకోదు.

పొద్దున తెల్ల కారు ఒకటి చర్చి దగ్గర ఆగింది. ఇద్దరు దిగి మా ఇంటి వైపు ఫోను పట్టుకుని నిలబడ్డారు. పెళ్ళి పందిరి ఇంకా విప్పలేదు. నేను వంటింట్లో నేల మీద కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా చాలాసేపు లేవలేకపోయాను.

మధ్యాహ్నం సలిజాన్ అన్న వచ్చాడు. వచ్చీ రావడంతోనే, నువ్వు రేపు వెళ్ళి నోరు విప్పుతావని ఉమావ్ అనుకుంటోంది, నిజమేనా అన్నాడు. తెలియదన్నాను.

ఒరేయ్ లనిహూ, డెబ్బై నాలుగేళ్ళు మూసుకున్న నోరు, ఇంకో రోజు మూసుకుంటే అరిగిపోతుందా అన్నాడు. తాతల కాలం నుంచి వస్తున్న గిన్నె అది. జింకల పేర్లు మోసిన గిన్నెలో ఆ పెంట మాట పోసింది మా తమ్ముడే అని నేను ఊళ్ళో ఎలా తిరగాలి అన్నాడు. ఆ కింది పిల్లాడంటే వయసులో ఉన్నాడు, ఇంకో పని వెతుక్కుంటాడు. మనకు ఇంకో మలస్తపాంగ్ ఎక్కడ దొరుకుతుంది అన్నాడు.

అన్నా, నువ్వూ తిరిగి అన్నావు కదా అన్నాను. అది ఎలా వచ్చిందో నా నోట్లోంచి వచ్చింది. అనకపోతే నిన్ను నేలకేసి కొట్టినట్టు కదరా, అందుకన్నాను అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. ఇచ్చిన టీ తాగలేదు.

నవంబరు 24, శుక్రవారం, ఉదయం 6

బీపీ 171. మళ్ళీ చూసుకుంటే 176. ఇక చూడలేదు.

నేను వెళ్ళలేను. ఊరి బడిలో ఉన్నప్పుడు మా మాట మాట్లాడానని పంతులు మెడలో చెక్కపలక తగిలించి తన బల్ల ముందు నిలబెట్టాడు. చేసిన తప్పు చెప్పు అన్నాడు. నోరు రాలేదు. ఆ రోజు నుంచి బల్ల వెనక మనిషి కూర్చుంటే నాకు మాట పడిపోతుంది. బ్యాంకులోనూ అంతే. నా భార్య పోయినప్పుడు ఆసుపత్రిలోనూ అంతే. ఆమె పేరు అడిగితే చెప్పలేకపోయాను.

ఉదయం 6.30

బయట యీచెంగ్ కారు. అతను దిగలేదు. నన్ను పిలవడానికి రాలేదు. ఉమావ్‌ను పుట్టింటి నుంచి తీసుకెళ్ళడానికి వచ్చాడు. కిటికీ అద్దంలోంచి చూశాను. గడ్డం గీసుకున్నాడు. బుగ్గ మీద తెగింది.

సాయంత్రం 4

వెళ్ళాను. వెనక సీటులో ఎక్కి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.

పెద్ద బల్ల. వెనక ఐదుగురు. మూలన రాసుకునే అమ్మాయి. ఐదుగురిలో ఒకావిడ అమిస్ మనిషి, జుట్టు నెరిసింది. యీచెంగ్ లేచి, ఈయన మా తాతగారు, ఊరికే వచ్చారు, ఈయనకు సంబంధం లేదు అన్నాడు. కూర్చో నాయనా అన్నాను. ఆ రెండు మాటలు వచ్చాయి. తర్వాత రాలేదు. అందరూ ఎదురు చూశారు. గోడ గడియారం చప్పుడు వినపడింది. చొక్కా వీపుకు అంటుకుంది. ఒకాయన పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

అమిస్ ఆవిడ లేచి బల్ల ఇవతలికి వచ్చింది. నా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళ వైపు కాకుండా నా మోకాళ్ళ వైపు చూస్తూ, మీవాళ్ళు ముక్క ముక్కగా చెబుతారట కదా తాతా, అలాగే చెప్పు, తొందరేం లేదు అంది.

చెప్పాను. అరవలేదు. కావ్‌షుంగ్ ఊళ్ళో అన్నాను. అలవాటు కొద్దీ ఆగాను. ఎవరూ తిరిగి అనలేదు. ఇరవై అంతస్తుల మీద అన్నాను. ఎవరూ అనలేదు. ప్రతి ముక్క తర్వాతా ఉమావ్ దాన్ని వాళ్ళ మాటలోకి మార్చి చెప్పింది, ఏడుస్తూనే. మూడో ముక్క దగ్గర యీచెంగ్ పెదవులు కదిలాయి. నన్ను చూశాడు. మూసుకున్నాడు. ఆరు ముక్కలూ అలాగే నేల మీద పడ్డాయి.

తర్వాత చెప్పాను. నేను ముందు అన్నాను. తిరిగి అనమని నేర్పిందీ నేనే. అతను మర్యాద పాటించాడు.

పెన్ను ఆయన అడిగాడు, ఆ పడ్డవాడు ఎవరని. మా మేస్త్రీ. బతికాడా. బతికాడు. ఆ తర్వాతైనా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాడా అన్నాడు. లేదండీ. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి అదే మాటతో పిలిచాడు, నీళ్ళు ఇవ్వరా అన్నాడు. మీరేం చేశారు. ఇచ్చాను.

ఇది ఉమావ్‌కు తెలియదు. ఎవరికీ చెప్పలేదు. దాని ముఖం చూడలేదు.

మూలనున్న అమ్మాయి చెయ్యి ఎత్తింది. సార్, ఆ మాట నేను రాయొచ్చా అని అడిగింది. ఆ పిల్ల కిందివాళ్ళ పిల్ల. అక్కడ మొదలైంది. ఆ మాట బదులు సున్నాలు పెట్టమని ఒకాయన. సున్నాలు పెడితే రేపు చదివేవాడికి ఏం తెలుస్తుంది అని ఇంకొకాయన. బడి కాగితం మీద అలాంటి మాట ఉంటే మళ్ళీ మన మీద కేసు పెడతారు అని మూడో ఆయన. అరగంట. నా గురించే, కాని నన్ను మరిచిపోయారు. కొంచెం తేలిగ్గా ఊపిరి ఆడింది.

చివరికి అమిస్ ఆవిడ అంది. ముందు ఆయన పేరు రాయమ్మా, పూర్తి పేరు. ఆ తర్వాత ఆ మాట రాయి. పేరు లేకుండా మాత్రం రాయకు.

ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి స్పెల్లింగు అడిగింది. పేరు చెప్పగలిగాను.

నవంబరు 27, సోమవారం

బీపీ 150.

యీచెంగ్ ఉద్యోగం ఉంది. హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారట. ఫోనులో ఏదో చెప్పబోయాడు. పిల్లలకు ఆలస్యమవుతుంది, వెళ్ళు నాయనా అన్నాను.

నిన్న సలిజాన్ అన్న కొడుకులు అడవిపందిని తెచ్చారు. కాలిన వెంట్రుకల వాసన ఊరంతా వచ్చింది. ఇంటింటికీ పంచారు. పక్కింటికి ఇచ్చారు. ఎదురింటికి ఇచ్చారు. నేను చీకటి పడేదాకా వాకిట్లోనే కూర్చున్నాను.

నా గడప దగ్గర ఆగలేదు.

నవంబరు 30, గురువారం

సావి వచ్చింది. దాని ఫోనులో మొత్తం వీడియో ఉందట, నా గొంతుతో సహా. కింద చైనా అక్షరాల్లో అర్థం రాసి పెడతాను తాతా, బావను తిట్టినవాళ్ళందరూ నోరు మూసుకుంటారు అంది. ఉద్యోగం మిగిలినా బడి గేటు దగ్గర ఇంకా ఎవరో ఒకరు యీచెంగ్‌ను తిడుతున్నారట.

భయమేసింది. సరే అన్నాను.

డిసెంబరు 3, ఆదివారం

తిట్లు ఆగాయట. ఇప్పుడు అందరికీ నేనంటే ఇష్టమట. హువానా పడలేదు అన్న ముక్క చొక్కాల మీద అచ్చు వేస్తున్నారట. వేసేది ఎవరు, మనవాళ్ళా అని అడిగాను. ఎవరో తాతా, అందరూ అంది సావి.

చర్చిలో సలిజాన్ అన్న నా వెనక వరసలో కూర్చున్నాడు. ఎప్పుడూ పక్కన కూర్చునేవాడు. పాట పాడుతున్నంతసేపూ ఆయన గొంతు నా మెడ మీద తగిలింది.

డిసెంబరు 9, శనివారం

కింది పట్నం బజారు. అల్లం ఏరుకుంటున్నాను. ఒకమ్మాయి నవ్వుతూ ఫోను ఎత్తింది. తాతా, ఒక్కసారి ఆ మాట అనవా, మేం తిరిగి అంటాం అంది. కూరగాయల మనిషి పని ఆపాడు. చుట్టూ ఇంకొందరు చేరారు. అందరివీ మంచి ముఖాలే.

అల్లం ఎంత అని అడగడానికి నోరు తెరిచాను.

తిరిగి అనడానికి అందరూ ఊపిరి తీసుకున్నారు.