మగ్గం ముట్టని నలభై రోజులు

సిద్దిపేట
6-8-1991

భీవండిలో చల్లగా ఉన్న మా ఆయనకు,

మీ జాబు అందింది. 'రొమ్ము తీసిననాడు ఊకున్న, గర్భసంచి గూడ తీయిస్తే ఇంకేం ఆడదానివి, నేను సంతకం పెట్ట' అని రాశారు. పెట్టకపోతే మానెయ్యండి అనాలనే ఉంది. కానీ ఇంటివాళ్ల సంతకం లేనిదే ఆపరేషన్ చెయ్యనని పట్నం డాక్టరమ్మ అంటోంది.

రొమ్ము తీశాక ఏడాదిగా ఆగిన ముట్టు ఈ ఎండాకాలం తిరిగొచ్చింది. మీ అమ్మ సంబరపడి, 'రోగం పోయింది, నా కోడలికి ఇగ కడుపు పండుతది' అని వాడంతా చక్కెర పంచింది. మీకు రెండో పెళ్లికి పిల్లను వెతకడం మానుకుంది. ముట్టు కదా అని నన్ను మగ్గం తాకనివ్వకుండా బయట అరుగు మీద కూర్చోబెట్టింది. గంజి కూడా దూరం నుంచే జరిపేది. మూడు రోజులు కాస్తా నలభై అయ్యాయి, రక్తం ఆగలేదు. అది ముట్టు కాదట. రొమ్ములోని క్యాన్సర్ గర్భసంచికి పాకిందట. డాక్టరమ్మ బతికిస్తానని మాటివ్వలేదు. సంచి తీస్తే రక్తం ఆగుతుంది, కొన్నాళ్లుంటావు అంది. ఆ కొన్నాళ్లు నాకు కావాలి. వచ్చి మీ పేరు రాసి పొండి.

మీ తల్లీకొడుకులను మాత్రం నేను క్షమించను.

విజయరాణి

పట్నం, దవాఖాన
30-8-1991

ఆయనకు,

మీరు రాలేదు. మీ అమ్మే నన్ను బస్సెక్కించింది. గజ్వేల్‌లో సోడా తెచ్చిచ్చింది, నేను ముట్టలేదు. ఇక్కడ నర్సు, 'మొగుడు రాకుంటే కన్నతల్లన్న రావాలె' అంది. మా అమ్మ పోయి పదేళ్లని మీ అమ్మకు తెలుసు. 'కన్నతల్లిని నేనే' అని బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది.

ఆపరేషన్ అయింది. రక్తం ఆగింది. ఇక కిందివి మీ అమ్మ మాటలు, ఆమె చెప్తుంటే రాస్తున్నాను.

'నలభై దినాలు దాన్ని బయట కూసోబెట్టింది నేను. గా పాపం నాది, నేనే మోస్త. నువ్వు చేసింది ఎవరు మొయ్యాలె? ఉన్నన్ని దినాలు నా బిడ్డ నా పక్కలనే పండుకుంటది, నా మగ్గం మీదనే కూసుంటది. నువ్వు ఇంటికి రాకు. వచ్చినా తలుపు తియ్య.'

నేనింకా ఆమెను క్షమించలేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను. 'గది గూడ రాయి' అంది.

రాసింది: విజయరాణి
చెప్పింది: మీ అమ్మ కొమురవ్వ. పక్కనున్నది ఆమె వేలిముద్ర.