నాలుగో రీలు, ఐదో రీలు

యాభై ఏడేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, మా సినిమాహాలు పైగదిలో కూర్చుని నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు.

పదకొండేళ్ల కిందటి ఒక ఉదయం గురించి చెప్పకపోతే ఈ పంపకం అర్థం కాదు. ఎప్పటిలాగే లేచి ప్రార్థన చేసుకున్నాను. కుర్చీలు తుడిచాను. మన చిన్న హాలును గౌరవిస్తూ ఫిల్మ్ సొసైటీవాళ్లు పాత జపాన్ సినిమా పంపారు. ఏడు డబ్బాలు, మీద జపాను అంకెలు. మొదటి మూడూ గీతలే కాబట్టి తెలిశాయి. మిగతావి ఊహించి, సుద్దతో మన అంకెలు వేశాను. వరస రాసిన కాగితం కూడా పంపారు. చదవకుండా ప్రార్థన పుస్తకంలో పెట్టి మరిచాను. మిషను నడిపే తమ్ముడు "సరిచూశావా అక్కా?" అన్నాడు. "నాకు నేర్పకు" అన్నాను.

మధ్యాహ్నం ఆటలో తాతను పాతిపెట్టారు. తర్వాతి రీల్లో ఆయన తాపీగా చేప తింటున్నాడు. "ముసలాయనకి ఆకలి తీరలేదురోయ్!" అని ఎవరో అరిచారు. హాలు గొల్లుమంది. సొసైటీ నుంచి వచ్చిన అతిథులు లేచి వెళ్లిపోయారు.

1. హాల్లో నా వాటా, ప్రొజెక్టరు గది తాళంచెవి తమ్ముడికి. ఇది కానుక కాదు, వాడిది వాడికివ్వడం.

2. చెల్లెలికి కుట్టుమిషను, ఊలు శాలువా. మొదటి శాలువా అడిగి తీసుకెళ్లి ఇరవయ్యేళ్లయింది, అదీ ఉంచుకో తల్లీ.

3. బాబాయికి వెనక వరస మూలకుర్చీ. ఆ రోజూ అందులో నిద్రపోయి, తమ్ముడి తప్పు మాత్రం కళ్లారా చూశానన్నారు.

4. ప్రార్థన పుస్తకం, అందులోని ఆ కాగితం తమ్ముడికి. టికెట్ల గుమాస్తా ఈ వీలునామాను అందరి ముందూ చదవాలి. బాబాయికి వినబడేలా, గట్టిగా. బతికుండగా చెప్పే ధైర్యమిమ్మని దేవుణ్ణి రోజూ అడిగాను. ఇచ్చే ఉంటాడు. నేనే తీసుకోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. అంతకుముందే ప్రార్థనకు పుస్తకం తెరిచి, కాగితం చూశాను. నాలుగూ ఐదూ తారుమారు చేసింది నా సుద్ద అంకెలే. నోరు విప్పలేదు. తమ్ముడు నా మాటే ఎత్తలేదు. డబ్బాల మీది నా అంకెలు తడిగుడ్డతో తుడిచేసి వచ్చాడు. గోళ్ల సందుల్లో సుద్ద ఇంకా తెల్లగా ఉంది. వాడిక మిషను ముట్టకూడదనీ, తాళంచెవి నాకు అప్పగించాలనీ తీర్మానించారు.

నేను చెయ్యి చాపాను.

మార్చి పద్నాలుగు, ఆదివారం
సంతకం: పెద్దక్క
సాక్షులు: టికెట్ల గుమాస్తా, ఎదురింటి డాక్టరమ్మ